టెర్రస్ పబ్బు, అర్ధరాత్రి డీజే: లైసెన్సు ఉందంటే సరిపోతుందా?

ప్రశ్న: మాదాపూర్‌లో మాకు సొంతిల్లు ఉంది. వెనక వీధిలోని బిల్డింగ్ టెర్రస్ మీద ఏడాది కిందట పబ్బు పెట్టారు. గురువారం నుంచి ఆదివారం దాకా రాత్రి ఒంటిగంట వరకు డీజే మోగుతుంది. మా అమ్మకు 71 ఏళ్లు, గుండెకు స్టెంట్ వేశారు. డయల్ 100కి ఫోన్ చేస్తే పెట్రోలింగ్ వాళ్లు వస్తారు, సౌండ్ తగ్గుతుంది. బండి మలుపు తిరగ్గానే మళ్లీ మొదలు. మేనేజర్ని అడిగితే ‘మాకు అన్ని లైసెన్సులూ ఉన్నాయి, ఇది కమర్షియల్ ఏరియా’ అంటున్నాడు. ‘వాళ్లతో మనకెందుకండీ’ అని వీధిలో వాళ్లు వెనక్కి లాగుతున్నారు. మేం కోర్టుకు వెళ్లొచ్చా?

జవాబు: వెళ్లొచ్చు. కానీ కోర్టు మెట్లెక్కే ముందు ఓ నెల రోజుల పని ఉంది. అది సరిగ్గా చేస్తే మీ కేసు సగం గెలిచినట్టే.

ముందు మేనేజర్ మాట సంగతి చూద్దాం. లైసెన్సులు నిజంగానే ఉండొచ్చు. అయితే ఏ కాగితం దేనికిచ్చారన్నది ముఖ్యం. ఎక్సైజ్ శాఖ ఇచ్చే బార్ లైసెన్సు మద్యం అమ్ముకోవడానికి, మున్సిపల్ ట్రేడ్ లైసెన్సు వ్యాపారం నడుపుకోవడానికి. ఒంటిగంట దాకా తెరిచి ఉంచడానికి అనుమతి ఉన్నా, ఆ వేళ వరకు వడ్డించొచ్చనే దాని అర్థం. మీ కిటికీలు అదిరేలా డీజే పెట్టొచ్చని ఏ లైసెన్సులోనూ రాసి ఉండదు.

శబ్దానికి వేరే చట్టం ఉంది. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 2000లో శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 దాకా. ఆ వేళలో నివాస ప్రాంతంలో పరిమితి 45 డెసిబెల్స్, వాణిజ్య ప్రాంతంలో 55. అంటే ఆయన చెప్పే ‘కమర్షియల్ ఏరియా’ నిజమే అనుకున్నా పరిమితి పది డెసిబెల్స్ పెరుగుతుందంతే, మొత్తానికే లేకుండా పోదు.

వీటికంటే మీకు బాగా పనికొచ్చేది 5వ నిబంధన. రాత్రి 10 దాటాక మైకులు, యాంప్లిఫయర్లు, వాయిద్యాలు వాడకూడదని అది చెబుతుంది. ఆడిటోరియం, బాంక్వెట్ హాలు లాంటి మూసి ఉన్న చోట లోపలివాళ్లకు వినిపించడానికి మాత్రం మినహాయింపు ఉంది. పబ్బుల తరఫు లాయర్లంతా పట్టుకునేది ఈ మినహాయింపునే. పైన రేకు వేసి, రెండు పక్కల అద్దాలు పెట్టి ‘ఇది క్లోజ్డ్ హాలే’ అంటారు. దానికి నా జవాబు ఎప్పుడూ ఒకటే. మినహాయింపు ఇచ్చింది లోపల ఉండిపోయే శబ్దానికి. మీ అమ్మగారి మంచం దాకా వచ్చిన శబ్దం లోపల ఉన్నట్టు కాదు. మీ విషయంలో అసలు చోటే టెర్రస్. అది ఎంతవరకు తెరిచి ఉందో పగటిపూట మీ మేడ మీద నుంచి ఫొటోలు తీసి పెట్టుకోండి.

2005 జూలై 18న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా మీ పక్షానే ఉంది. ప్రశాంతంగా బతకడం రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని, శబ్దం చేసే హక్కు ఎవరికీ ప్రాథమిక హక్కు కాదని అందులో తేల్చారు.

మన హైదరాబాద్‌లోనే జూబ్లీహిల్స్ వాసులు ఇదే బాధతో హైకోర్టుకు వెళ్లారు. రాత్రి 10 తర్వాత పబ్బుల్లో సంగీతం వినిపించకూడదని 2022 సెప్టెంబరులో సింగిల్ జడ్జి ఆదేశించారు. తర్వాత ఇద్దరు జడ్జిల డివిజన్ బెంచ్ ఆ ఆదేశాన్ని జూబ్లీహిల్స్‌లోని పది పబ్బులకు పరిమితం చేసింది. ఈ రెండో సంగతి తెలియక చాలామంది పాత పేపర్ కటింగ్ పట్టుకుని స్టేషన్‌కు వెళ్లి నిరాశపడుతున్నారు. మీ పబ్బుకు ఆ ఆదేశం దానంతటది వర్తించదు. మీ పిటిషన్ మీరు వేసుకోవాల్సిందే.

ఇక సాక్ష్యం. చాలా కేసులు దెబ్బతినేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. మామూలుగా అధికారులు ‘ఎ’ స్కేలు మీద శబ్దం కొలుస్తారు. మనిషి చెవి వినే తీరుకు దగ్గరగా ఉండేందుకు అది లోతైన శబ్దాలను బాగా తగ్గించి చూపిస్తుంది. డీజే సబ్‌వూఫర్ నుంచి వచ్చే ‘ధమ్ ధమ్’ సరిగ్గా ఆ కోవలోదే. ఓసారి ఒక క్లయింట్ ఇంట్లో రాత్రి పన్నెండింటికి నేనే కూర్చున్నాను. తలుపులన్నీ వేసి ఉన్నాయి. పాట ఏదో తెలియడం లేదు, కానీ ఫ్రిజ్ మీది స్టీలు గిన్నె మూత ప్రతి దెబ్బకూ గలగలమంటోంది. మంచం పట్టె మీద చెయ్యి పెడితే అరచేతికి ఆ అదురు తెలుస్తోంది. మీటరు మాత్రం అంత పెద్ద అంకె చూపించలేదు. ఆ మూతను, గోడ గడియారాన్ని ఒకే ఫ్రేములో పెట్టి వీడియో తీశాం. కాలుష్య నియంత్రణ మండలి వాళ్లు కొలతకు వస్తే లోతైన శబ్దాలను అంతగా తగ్గించని ‘సి’ స్కేలు మీద కూడా కొలవమని అడగండి. కిటికీలు తెరిచి ఒకసారి, మూసి ఒకసారి కొలిచి రెండూ రిపోర్టులో రాయమనండి.

ఫోన్ యాప్‌లో వచ్చే అంకెలను కోర్టు కొలతగా తీసుకోదు, మీ డైరీకి మాత్రం పనికొస్తాయి. డయల్ 100కి చేసిన ప్రతి కాల్ తేదీ, టైము రాసుకోండి. తర్వాత సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో ఆ కాల్స్ వివరాలు, వాటిపై తీసుకున్న చర్యలు అడగండి. ఇరవైసార్లు ఫోన్ చేసినట్టు పోలీసు రికార్డే చెబితే జడ్జి ముందు ఎక్కువ మాట్లాడే పనుండదు. ఎక్సైజ్ శాఖను, మున్సిపాలిటీని కూడా బార్ లైసెన్సుకు జతచేసిన ప్లాన్, బిల్డింగ్ అనుమతి ప్లాన్ కాపీలు అడగండి. టెర్రస్ ఆ ప్లాన్లలో లేకపోతే కేసు బలం ఇంకో మెట్టు పెరుగుతుంది. అమ్మగారి డాక్టరు చీటీలు, బీపీ రీడింగులు తేదీలవారీగా ఉంచండి.

తర్వాత రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. మీ స్టేషన్ ఇన్‌చార్జి అయిన ఎస్‌హెచ్‌ఓకు ఒకటి, పోలీస్ కమిషనర్‌కు ఒకటి, కాలుష్య నియంత్రణ మండలికి ఒకటి. శబ్దాన్ని ఆపమని ఆదేశించే అధికారం ఆ శబ్ద నిబంధనల్లోనే 8వ దాని కింద కమిషనర్‌కు ఉంది. ఫిర్యాదు అందినట్టు ఎక్‌నాలెడ్జ్‌మెంట్ తప్పకుండా తీసుకోండి. రెండు వారాల్లో కదలిక లేకపోతే రాజ్యాంగంలోని 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్, అంటే అధికారులు తమ పని చేసేలా ఆదేశించమనే పిటిషన్, వేయొచ్చు. ముందు అధికారుల్ని అడిగారా అన్నదే అక్కడ ఎదురయ్యే మొదటి ప్రశ్న. పబ్లిక్ న్యూసెన్సు తొలగించమని భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు దగ్గరికి, శబ్దం ఆపాలనే ఇంజంక్షన్ ఉత్తర్వు కోసం సివిల్ కోర్టుకి వెళ్లే దారులూ ఉన్నాయి. మీ పరిస్థితికి నేనైతే రిట్టే ఎంచుకుంటాను. పోలీసులు, ఎక్సైజ్, మున్సిపాలిటీ అందరూ ఒకేచోట జవాబు చెప్పాల్సి వస్తుంది. బిల్డింగ్ ఓనర్‌కు కూడా లాయర్ నోటీసు పంపండి, అద్దె పోతుందన్న భయం ఒక్కోసారి చట్టం కంటే ముందు పనిచేస్తుంది.

పిటిషన్ అమ్మగారి పేరు మీద వేయండి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. హైకోర్టు లీగల్ సర్వీసెస్ కమిటీకి దరఖాస్తు పెడితే లాయర్ను ఇస్తారు. వీధిలో వాళ్లను కేసులో చేరమని బలవంతపెట్టకండి, ఫిర్యాదు కింద సంతకం చేయమని మాత్రం అడగండి. ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు పెట్టినా చాలు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను, రాత్రివేళ మీరొక్కరే పబ్బు దగ్గరికి వెళ్లకండి. బౌన్సర్లతో తోపులాట జరిగితే తెల్లారేసరికి కేసు మీ మీదే ఉంటుంది. ఈ గురువారం రాత్రి ఇంట్లోనే ఉండి, నోటుబుక్కు తీసి మొదటి పేజీలో తేదీ వేయండి.