పాఠకుల ప్రశ్నలు: పతకం లేకుండానే ‘జిమ్నాస్టిక్స్ తల్లి’ అయిన ఎలిన్ కల్లియో

ప్రశ్న: ఎలిన్ కల్లియోను ఫిన్లాండ్‌లో ‘జిమ్నాస్టిక్స్ తల్లి’ అంటారని చదివాను. ఎంత వెదికినా ఆమె పేరిట ఒక్క ఒలింపిక్ పతకం కూడా కనబడలేదు. ఏ పోటీలోనూ గెలవని మనిషికి అంత పెద్ద పేరు ఎలా వచ్చింది?

జవాబు: పతకాల పట్టికలో ఆమె పేరు ఉండే అవకాశమే లేదు. స్త్రీలకు జిమ్నాస్టిక్స్‌లో ఒలింపిక్ పతకాలు ఇవ్వడం 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలైంది; ఎలిన్ కల్లియో అంతకుముందు ఏడాది, 1927 డిసెంబరు 25న కన్నుమూశారు. ఆమె గొప్పతనాన్ని పోటీ మైదానంలో కాక వ్యాయామశాలలో చూడాలి.

1859 ఏప్రిల్ 23న పుట్టినప్పుడు ఆమె ఇంటిపేరు వేనర్‌బెర్గ్. అప్పటికి ఫిన్లాండ్ స్వతంత్ర దేశం కాదు. 1809 నుంచి రష్యా చక్రవర్తి ఏలుబడిలో, కొంత స్వయంపాలన ఉన్న సంస్థానంగా ఉండేది. రాజకీయంగా రష్యా కింద ఉన్నా, చదువుకున్న కుటుంబాల్లో చాలామంది ఇళ్ళల్లో మాట్లాడే భాష స్వీడిష్ కావడం వల్ల, పేర్ హెన్రిక్ లింగ్ 1813లో స్టాక్‌హోమ్‌లో నెలకొల్పిన వ్యాయామ విద్యాలయపు పద్ధతి హెల్సింకికి సులువుగానే చేరింది. అక్కడ ఆడపిల్లలకు ఆ విద్య నేర్పిన మథిల్డా ఆస్ప్ దగ్గరే ఎలిన్ శిక్షణ పొందారు.

1876లో, పదిహేడేళ్ళ ప్రాయంలో, ఆమె హెల్సింకిలో స్త్రీల కోసం ఒక జిమ్నాస్టిక్స్ సంఘాన్ని స్థాపించారు. నార్డిక్ దేశాలన్నిటిలోనూ స్త్రీలకు అదే మొదటి జిమ్నాస్టిక్స్ సంఘమని చెబుతారు. ఆ పేరుకు అసలు కారణం ఇదేనని నా అభిప్రాయం. బడిలో ఉన్నంతకాలం ఆడపిల్లకు కాస్తో కూస్తో వ్యాయామం దొరకవచ్చు. బడి మానేశాక, పెళ్ళయ్యాక, ఉద్యోగంలో చేరాక ఆమె చేతులు చాచి కాళ్ళు కదిలించడానికి ఒక చోటు, ఒక వేళ, తోడుగా నలుగురు మనుషులు ఎక్కడ దొరుకుతారు? ఆ లోటును ఒక పదిహేడేళ్ళ అమ్మాయి గుర్తించి, దానికి తన చేతనైన మార్గం తానే వెదికింది. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు ఆశ్చర్యం, గౌరవం రెండూ కలుగుతాయి.

ఆ వ్యాయామం ఎలా ఉండేదో తెలియకపోతే ఈ విషయం సగమే అర్థమవుతుంది. లింగ్ పద్ధతి వ్యాయామశాలలో గోడ పొడవునా, నేల నుంచి పైదాకా, నిచ్చెన మెట్లలా అడ్డకర్రలు బిగించి ఉంటాయి. వాటికి వీపు ఆనించి నిలబడి, చేతులు తలపైకి ఎత్తి ఒక కర్రను గట్టిగా పట్టుకుని, మడమలు కదలకుండా ఛాతీని విల్లులా ముందుకు వంచడం అందులో ఒక పేరున్న భంగిమ. ఉపాధ్యాయిని ఆజ్ఞ ఇవ్వగానే వరుసలో ఉన్నవారంతా ఒక్కసారిగా వంగాలి. మళ్ళీ ఆజ్ఞ వచ్చేదాకా ఆ భంగిమలోనే ఉండాలి. నడుమును బిగించి కట్టే కోర్సెట్ తొడుక్కుని ఇది చేయడం అసాధ్యం. కాబట్టి వ్యాయామశాలలో అడుగుపెట్టే స్త్రీ ముందుగా దాన్ని విప్పి, వదులైన బట్టలు వేసుకోవలసిందే. నిండుగా ఊపిరి పీల్చడం ఆ కాలపు సంపన్న స్త్రీకి ఎంత కొత్త అనుభవమో ఊహించవచ్చు.

ఎలిన్ ఉపాధ్యాయినిగా పనిచేశారు, జిమ్నాస్టిక్స్ గురించి పుస్తకాలూ రాశారు. 1896లో ఫిన్లాండ్ మహిళల జిమ్నాస్టిక్స్ సమాఖ్య ఏర్పడినప్పుడు ఆమే తొలి అధ్యక్షురాలయ్యారు. ఏథెన్స్‌లో తొలి ఆధునిక ఒలింపిక్స్ ఒక్క స్త్రీ కూడా లేకుండా జరిగింది సరిగ్గా ఆ ఏడాదే. మరో పదేళ్ళకు, 1906లో, ఫిన్లాండ్ స్త్రీలకు ఓటు హక్కు, ఎన్నికల్లో నిలబడే హక్కు రెండూ దక్కాయి; 1907లో 200 మంది సభ్యుల పార్లమెంటుకు 19 మంది స్త్రీలు ఎన్నికయ్యారు. అది వ్యాయామశాలల వల్ల జరిగిందని నేను అనను. అయితే సంఘం పెట్టుకోవడం, చందాలు లెక్క చూసుకోవడం, తమలో ఒకరిని అధ్యక్షురాలిగా నిలుపుకోవడం వంటి పనులు ఆ దేశపు స్త్రీలకు అప్పటికే అలవాటయ్యాయన్నది నిజం.

ప్రశ్న: ఎల్లి బ్యోర్క్‌స్టెన్ పేరు కూడా ఇదే సందర్భంలో వినిపిస్తుంది. ఇద్దరికీ తేడా ఏమిటి?

జవాబు: బ్యోర్క్‌స్టెన్ (1870–1947) తర్వాతి తరం మనిషి. ఎలిన్ స్త్రీలకు చోటు కల్పిస్తే, ఆ చోట ఏం చేయాలన్న ప్రశ్నను ఈమె చేపట్టారు. పైన చెప్పినట్టు ఆజ్ఞకు బిగుసుకుని నిలిచిపోయే పద్ధతి పురుషుల కవాతుకు దగ్గరగా ఉందని, స్త్రీల వ్యాయామంలో ఒక కదలిక నుంచి మరో కదలికలోకి లయతో సాగిపోవాలని, బిగింపు తర్వాత సడలింపు తప్పక ఉండాలని ఆమె వాదించారు. హెల్సింకి విశ్వవిద్యాలయంలో వ్యాయామ ఉపాధ్యాయులకు శిక్షణ 1882లో మొదలైంది. ఆమె చాలా ఏళ్ళు అక్కడ బోధించడం వల్ల ఈ ఆలోచన విద్యార్థినుల ద్వారా బడులకు, పొరుగు దేశాలకు పాకింది. లింగ్ పద్ధతిని ఆమె తోసిపుచ్చలేదు, లోపలి నుంచి మెత్తబరిచారు. ఇద్దరిలో ఎవరు గొప్ప అని అడిగితే, మొదటి తలుపు తెరిచిన ఎలిన్ వైపే నా మనసు మొగ్గుతుంది.

ప్రశ్న: జిమ్నాస్టిక్స్‌ను ఫిన్నిష్ భాషలో ఏమంటారు?

జవాబు: ‘వోయిమిస్తెలు’ అంటారు. ‘వోయిమ’ అంటే బలం. ఆ మాట నుంచే ఇది పుట్టింది. జిమ్నాస్టిక్స్ అనే మాటకు మూలమైన గ్రీకు పదానికి నగ్నమైన అని అర్థం, ఎందుకంటే ప్రాచీన గ్రీకు వ్యాయామశాలల్లో పురుషులు బట్టలు లేకుండా సాధన చేసేవారు. ఫిన్నిష్ మాటలో ఆ అర్థం ఛాయ కూడా లేదు. ‘ఒపెత్తయ’ అంటే ఉపాధ్యాయుడు లేదా ఉపాధ్యాయిని, ఆ భాషలో రెంటికీ ఒకటే మాట. ఈ రెండు పదాలూ కలిసిన ‘వోయిమిస్తెలునొపెత్తయ’ ఎలిన్ కల్లియో చేసిన వృత్తి పేరు.