మేనేజర్ బాల్‌పార్క్ అడిగితే ఎక్సెల్ తెరవకండి

కొత్తగా అమెరికా వచ్చినవాళ్ళందరూ అడిగేది యాస గురించే. యాసదేముంది, కొన్నాళ్ళకి చెవికి అలవాటైపోతుంది. మీటింగుల్లో అసలు తికమక పెట్టేది బేస్‌బాల్. ఆట ఏనాడూ చూడనివాళ్ళ నోట్లో కూడా ఆ మాటలే ఆడుతుంటాయి, పైగా క్రికెట్ తెలుసు కదా అని మనం ధైర్యంగా అర్థం ఊహించేసుకుంటాం, అక్కడే బోల్తా పడతాం.

"ఎన్నాళ్ళు పడుతుంది, బాల్‌పార్క్ ఫిగర్ చెప్పు" అంటే ఉజ్జాయింపుగా చెప్పమని. అక్కడికక్కడే "రెండు మూడు వారాలు" అనేయండి. సాయంత్రం దాకా షీటు కట్టి "13 రోజుల 4 గంటలు" అని మెయిల్ పెట్టారో, ఆ అంకెకే మిమ్మల్ని కట్టేస్తారు. టచ్ బేస్ అంటే ఓసారి మాట్లాడుకుందామని, అంతే. కర్వ్‌బాల్ అంటే అనుకోని మెలిక. ప్లేట్ దగ్గరికి స్టెప్ అప్ అవ్వమంటే బాధ్యత నెత్తిన వేసుకోమని. ఆ ప్లేటు బ్యాటర్ పక్కన నేలలో పాతిన ఐదు మూలల తెల్ల రబ్బరు పలక, భోజనాలతో దానికి సంబంధం లేదు.

రెయిన్ చెక్ మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి. వానకి ఆట ఆగిపోతే అదే టికెట్టు మీద ఇంకోరోజు రానిచ్చేవారు, అక్కడి నుంచి వచ్చిందిది. మీరు లంచ్‌కి పిలిస్తే "రెయిన్ చెక్ తీసుకుంటా" అన్నారంటే ఇవాళ కుదరదు, మరోసారి చూద్దామని మర్యాదగా తప్పుకున్నట్టు. మనవైపులా "అయ్యో రండి రండి" అని మూడుసార్లు బతిమాలకండి. ఇంకో సంగతి, సేల్‌లో పెట్టిన సరుకు అయిపోతే కొన్ని కిరాణా షాపులు అదే ధరకి తర్వాత కొనుక్కునేలా చీటీ ఇస్తాయి, దాని పేరూ రెయిన్ చెక్కే. మొహమాటపడకుండా అడగండి.

ఇక స్ట్రైక్. కొట్టాడేమో అనుకుంటాం, కానీ కథ అడ్డం తిరుగుతుంది. బ్యాట్ ఊపి తప్పినా స్ట్రైకే, అందే బంతిని వదిలేసినా స్ట్రైకే, మూడైతే ఔట్. 1994లో కాలిఫోర్నియా తెచ్చిన కఠిన శిక్షల చట్టానికి కూడా త్రీ స్ట్రైక్స్ అనే పేరు. సగటు లెక్కా వేరే: పదింట మూడు హిట్లు కొడితే .300, దాన్ని త్రీ హండ్రెడ్ అని చదువుతారు, అదే గొప్ప. కాబట్టి ఎవరైనా బ్యాటింగ్ ఎ థౌజండ్ అంటే వెయ్యి పరుగులు కాదు, పట్టిందల్లా సక్సెస్ అవుతోందని. అడుగున .200 దగ్గర మెండోజా లైన్ ఉంటుంది, 1970ల్లో బ్యాటింగ్ అంతంతమాత్రంగా చేసిన మారియో మెండోజా అనే ఆటగాడి పేరు మీద, దానికి కిందికి పోతే బ్యాటింగ్ నాసిరకమని. పాపం, ఫీల్డింగ్ బాగానే చేసేవాడు.

ఒక హెచ్చరిక. బ్యాటర్ పరుగెత్తి మొదట చేరాల్సిన చోటు ఫస్ట్ బేస్. క్లయింటుతో ఫస్ట్ బేస్ దాకా కూడా పోలేకపోయాం అంటే పని మొదలే కాలేదని, తప్పులేదు. అదే మాట ఫలానా అమ్మాయి గురించి అంటే ముద్దుల దాకా పోయినట్టు. ఆఫీసులో అసలు వద్దు.

స్టేడియంకి తీసుకెళ్తే మాత్రం సరదాగా ఉంటుంది. చెరువులో బాతులున్నాయని కేకలేస్తే ఎవరో డకౌట్ అయ్యారనుకోకండి, బేస్‌ల మీద రన్నర్లు కాచుకుని ఉన్నారని. గ్యాలరీకి వరసగా వేలాడే కె (K) అక్షరం అట్టలు పిచర్, అంటే బంతి విసిరేవాడు, తీసిన స్ట్రైకౌట్లు, అంటే మూడు స్ట్రైకుల ఔట్లు. వాటిలో ఒకటి అద్దంలో చూసినట్టు తిరగబడి కనిపిస్తే, పొరపాటున పెట్టారని పక్కవాడికి చెప్పకండి, ఆ బ్యాటర్ మూడో స్ట్రైక్‌కి బ్యాటే ఊపలేదని దాని భావం.