వేడెక్కితే పట్టేసే డిస్క్ బ్రేక్

ప్రశ్న: బండి నాలుగైదు కిలోమీటర్లు పోగానే ముందు డిస్క్ బ్రేక్ పట్టేస్తోంది. చల్లారితే వదులుతోంది. కొత్త ప్యాడ్లు వేయించినా అంతే. ఎందుకు?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: ప్యాడ్లను అనుమానించకండి. ఈసారి పట్టేసినప్పుడు మాస్టర్ సిలిండర్‌కు (లీవర్ నొక్కితే బ్రేక్ ఆయిల్‌ను పైపులోకి తోసే భాగం) పైపు బిగించిన బోల్టుకు గుడ్డ చుట్టి కొద్దిగా వదులు చేయండి. చక్రం వెంటనే తిరిగితే లోపం మాస్టర్ సిలిండర్‌లోనే. తిరక్కపోతే పైపు, కాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కు అదిమే భాగం) చూడాలి.

మాస్టర్ సిలిండర్ మీదుండే ఆయిల్ డబ్బా అడుగున రెండు రంధ్రాలుంటాయి. వేడికి ఉబ్బిన ఆయిల్ వెనక్కి వచ్చేది సూదిమొనంత సన్నదానిలోంచి. పాత ఆయిల్ చిక్కటి జిగురై దాన్ని మూసేస్తుంది. మూత తీసి లీవర్‌ను మెల్లగా నొక్కితే అక్కడ చిన్న ఊట లేవాలి. లేవకపోతే మూసుకుపోయినట్టే. (మార్చిన లీవర్‌కు ఆట (కొద్దిపాటి వదులు) లేకున్నా పిస్టన్ ఆ రంధ్రాన్ని కప్పేస్తుంది. ముందు అది చూసుకోండి.)

సర్‌క్లిప్ (పిస్టన్‌ను పట్టి ఉంచే రింగు) తీసి పిస్టన్, స్ప్రింగ్ బయటికి లాగండి. కరెంటు వైరులోని ఒక్క రాగి పోగుతో రంధ్రం పొడవండి. సూది వద్దు, రంధ్రం అంచు లేచి రబ్బరు కప్పును కోస్తుంది. బ్రేక్ క్లీనర్‌తోనే కడగాలి. చాలా షెడ్లలో పెట్రోలు వాడతారు, దానికి రబ్బర్లు ఉబ్బిపోతాయి. కొత్త కిట్ (పిస్టన్, రబ్బర్ల సెట్) వేసి, మూతమీద రాసున్న డాట్ 3 లేదా డాట్ 4 రకం ఆయిలే పోసి బ్రేక్ పైపులోని గాలి తీయించండి. ఆయిల్ పెట్రోలు ట్యాంకుమీద పడితే వెంటనే నీళ్లు కొట్టండి, రంగు లేచిపోతుంది.