రెక్కల వర్క్‌షాపుకు టాప్-అప్ లోను తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర పల్లెటూరు. పద్దెనిమిదేళ్లుగా బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను, వయసు 42. హోరమావులో 30×40 సైటులో కట్టుకున్న ఇంట్లో పైన మేము, కింద అద్దెవారు ఉంటున్నాం. రెండు సీట్ల లోహపు విమానం కిట్ తెప్పించుకుని సొంతంగా కట్టాలని ఎన్నాళ్లుగానో కోరిక. ముందు రెక్కలతో మొదలుపెట్టి, కింది ఇంటిని ఖాళీ చేయించి వర్క్‌షాపుగా మార్చాలనుకుంటున్నాను. పనిముట్లకు 4 లక్షలు, రెక్కల కిట్‌కు 14,000 డాలర్లు అంటే డాలరు 85 రూపాయల లెక్కన దాదాపు 12 లక్షలు, ఇతర ఖర్చులకు 2 లక్షలు, వెరసి 18 లక్షలు అవుతుంది. ఈ మొత్తాన్ని ఇంటి లోను మీద 9 శాతం వడ్డీకి, తొమ్మిదేళ్ల గడువుతో టాప్-అప్‌గా ఇస్తామని బ్యాంకువారు అంటున్నారు. మా దంపతుల జీతాలు చేతికి 2.10 లక్షలు, అద్దె 22,000 వస్తాయి. ఇంటి ఖర్చు 95,000, లోను వాయిదా 48,000, సిప్ 30,000 పోతాయి. ఎఫ్‌డీలో 9 లక్షలు (అద్దెవారు ఇచ్చిన 2.20 లక్షల అడ్వాన్సు అందులోనే ఉంది), మ్యూచువల్ ఫండ్లలో 22 లక్షలు ఉన్నాయి. అమ్మాయి తొమ్మిదో తరగతి. ఈ లోను తీసుకోవచ్చా?

జవాబు: మీ ఉత్తరంతో పాటు పంపిన పట్టికలో డ్రిల్లు ముక్కల దాకా ధరలు రాశారు. అంత శ్రద్ధగా వేసిన లెక్కలో అన్నిటికంటే ఖరీదైన పనిముట్టు మాత్రం కనిపించలేదు. అది కింది ఇల్లు. నెలకు 22,000 చొప్పున ఏడాదికి 2.64 లక్షల అద్దె వస్తున్న ఇంటిని ఐదేళ్లు వర్క్‌షాపుగా ఉంచితే, అద్దె పెంపు సంగతి వదిలేసినా, 13.20 లక్షలు వదులుకున్నట్టే, అంటే రెక్కల కిట్ ధర కంటే ఎక్కువ. పైగా ఖాళీ చేయించిన రోజునే 2.20 లక్షల అడ్వాన్సు తిరిగి చేతిలో పెట్టాలి. జేబులోంచి పోయే డబ్బును లెక్కలో రాసుకుంటాం గానీ, జేబులోకి రాకుండా ఆగిపోయే డబ్బును ఎవరం రాసుకోము. అందుకే ఖాళీ చేయించవద్దన్నది నా మొదటి మాట.

మరి పని ఎక్కడ చేయాలంటే, మీ ఇంటి నక్షాలోనే ఉన్న పది అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవుగల కారు షెడ్డులో చేయవచ్చు. మీరు ఎంచుకున్న తరహా విమానాల్లో ఒక్కో రెక్క దాదాపు పదకొండు పన్నెండు అడుగుల పొడవుంటుంది. పూర్తయిన రెక్కను ముందు అంచు కిందికి వచ్చేలా స్టాండులో నిలబెడితే గోడ వారగా ఒదిగిపోతుంది. కారు వీధిలో పెట్టుకోవలసి వస్తుంది, ఎండకు రంగు కాస్త వెలుస్తుంది. ఏడాదికి రెండున్నర లక్షల అద్దె ముందు అది లెక్కలోకి రాదు. రివెట్ గన్ (లోహపు రేకులను కలిపి బిగించే రివెట్లను కొట్టే యంత్రం) మోత మాత్రం అద్దెవారికి, పక్కింటివారికి కూడా ఇబ్బందే. కాబట్టి ఏ వేళల్లో మోత చేస్తారో వారితో ముందే మాట్లాడుకోండి, ఆదివారం మధ్యాహ్నాలను రేకులు నునుపు చేసుకునే పనికి వదిలేయండి.

ఇక లోను సంగతి. 18 లక్షలకు 9 శాతం చొప్పున తొమ్మిదేళ్లకు వాయిదా దాదాపు 24,400 రూపాయలు. గడువు తీరేసరికి వడ్డీయే 8.30 లక్షలు దాటుతుంది. ఇంటి కోసం వాడని టాప్-అప్ కనుక దాని వడ్డీ మీద పన్ను మినహాయింపు కూడా రాదు. ఇప్పుడు మీకు నెలకు 59,000 మిగులుతోంది. అద్దె పోతే అది 37,000 అవుతుంది, కొత్త వాయిదా కూడా చేరితే 12,600కు దిగుతుంది. అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజు కట్టే సమయానికి ఈ వాయిదాలు ఇంకా ఐదేళ్లకు పైగా మిగిలి ఉంటాయి.

వడ్డీ కంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది మరొకటి. బ్యాంకు క్యాలెండరు ప్రతి నెలా ఐదో తారీఖున తిరుగుతుంది, మీ చేతి పని అలా తిరగదు. నా దగ్గరికి వచ్చే ఒక పెద్దమనిషి యెలహంక వైపు తన షెడ్డులో విమానపు తోక భాగం కడుతుంటే రెండేళ్ల క్రితం ఒక శనివారం చూడడానికి వెళ్లాను. ఇంగువ పలుకంత రివెట్‌ను రంధ్రంలో పెట్టి, వెనకవైపు ఇనుప దిమ్మ ఆనించి, గన్‌తో ఒక్క క్షణం కొట్టారు. ఆ రివెట్ కాడ వ్యాసం అంగుళంలో 32వ వంతులు మూడు, అంటే సుమారు 2.4 మిల్లీమీటర్లు, కొట్టిన తరువాత వెనక ఏర్పడే తల వెడల్పు దానికి ఒకటిన్నర రెట్లు, ఎత్తు సగం ఉండాలట. ఆయన కొలిచి చూసి, తల ఒక పక్కకు ఒరిగిందని, డ్రిల్లుతో తొలిచి తీసేసి మళ్లీ వేశారు. గంటన్నరలో నా కళ్ల ముందు నిలబడ్డ రివెట్లు పదకొండు. అలాంటివి వేలల్లో వేయాలి. మొత్తం విమానానికి పదిహేను వందల నుంచి రెండు వేల గంటలు పడుతుందని కట్టినవారు చెబుతారు. వారానికి ఎనిమిది గంటలు కేటాయించగల మీకు ఏడాదికి సుమారు నాలుగు వందల గంటలు దొరుకుతాయి. ఆ మధ్యలో ఆఫీసులో రిలీజులు, ఊళ్లో పెళ్లిళ్లు, అమ్మాయి పదో తరగతి పరీక్షలు ఉండనే ఉంటాయి. పని ఆగిన నెలలో ఖర్చూ ఆగే ఏర్పాటు మీకు కావాలి, లోనులో ఆ వెసులుబాటు లేదు.

అందుకే అదే 25,000 రూపాయలను బ్యాంకుకు వాయిదాగా కాక, ‘రెక్కల ఖాతా’ అని పేరు పెట్టుకుని ప్రతి నెలా రికరింగ్ డిపాజిట్‌లోనో లిక్విడ్ ఫండ్‌లోనో వేయండి. ఏడాదికి 3 లక్షలు చేరుతుంది. ఖాతాలో ఎంత ఉందో అంతకే కొనాలి; లేకపోతే ఆగాలి. మొదటి ఏడాది వర్క్‌షాపుకు, అభ్యాసం కిట్‌కు సరిపోతుంది. తరువాతి ఏడాది తోక కిట్, ఆ తరువాతే రెక్కల కిట్ కోసం కూడబెట్టడం. ఇక్కడ మీ వరుసను కూడా మార్చమంటున్నాను. కిట్ కంపెనీలు విమానాన్ని తోక, రెక్కలు, బాడీ, చివరి హంగులు అంటూ విడివిడిగా అమ్మేది, కట్టేవారు సాధారణంగా తోకతో మొదలుపెట్టేది ఊరికే కాదు. తోకలో చెడగొట్టిన రేకును తక్కువ డబ్బుతో మళ్లీ తెప్పించుకోవచ్చు. రెక్క స్పార్‌లో, అంటే రెక్క బరువు మోసే ప్రధాన దూలంలో, ఒక రంధ్రం అంచుకు మరీ దగ్గరగా పడితే ఆ తప్పు ఖరీదు వేరు. తోక పూర్తయ్యాక కూడా మీకు ఇదే ఉత్సాహం ఉంటే రెక్కలకు డబ్బు పెట్టడం సబబే. లేకపోతే నష్టం రెండు మూడు లక్షలతో ఆగుతుంది.

పనిముట్ల 4 లక్షలు తగ్గించవచ్చు. కంప్రెసర్, గ్రైండర్, బల్లకు కావలసిన ప్లైవుడ్ ఇక్కడే దొరుకుతాయి. రెక్కల స్టాండులను చదరపు ఇనుప పైపులతో మీ వీధి చివరి వెల్డింగ్ షాపువారే చేసిపెడతారు. రివెట్ తల ఒదిగేలా రేకులో గుంట (డింపుల్) కొట్టే సి-ఫ్రేమ్‌ను పీణ్య పారిశ్రామికవాడలో చేయించుకోవచ్చు. రివెట్ గన్, అంగుళాల కొలతల డ్రిల్లు ముక్కలు, డింపుల్ డైలు, రేకులను తాత్కాలికంగా పట్టి ఉంచే వందల కొద్దీ క్లికోలు మాత్రం బయటినుంచి తెప్పించాలి. వీటిని పాతవి కొన్నా పనికొస్తాయి, పని అయ్యాక మరో కట్టేవారికి అమ్ముకోవచ్చు. అందుకే మీ మొత్తం ప్రయత్నంలో పనిముట్ల డబ్బు ఒక్కటే కొంతైనా తిరిగి వచ్చే డబ్బు అని నా అభిప్రాయం. పెట్రోలు ట్యాంకులకు పూసే సీలెంట్‌కు దీనికి విరుద్ధమైన గుణం ఉంది. దానికి గడువు తేదీ ఉంటుంది, చల్లగా ఉంచాలి, వాడే నెలకు ముందు కొంటే డబ్బు దండగ. దాన్ని ఆవకాయ జాడీ పక్కన ఫ్రిజ్‌లో పెట్టే విషయంలో ఇంట్లో అనుమతి తీసుకోవడం మీ పూచీ.

రెక్కల కిట్ 12 లక్షలు అన్న అంకె నిలవదు. 2014 చివర డాలరు 63 రూపాయలు, 2023 చివర 83. కొన్నేళ్ల తరువాత ఇచ్చే ఆర్డరుకు ఇప్పుడు 85 వేసుకోవడం జాగ్రత్త అనిపించుకోదు. 95 వేసుకుంటే 13.30 లక్షలు. ఓడ కిరాయి, పెద్ద చెక్క పెట్టె, మద్రాసు రేవు నుంచి లారీ దీనికి అదనం. కస్టమ్స్ సుంకాన్ని కిట్ ధర మీదే కాక రవాణా, బీమా కలిపిన మొత్తం మీద కడతారు. ఆ సుంకాన్నీ కలుపుకున్న మొత్తం మీద ఐజీఎస్టీ (దిగుమతి మీద వేసే జీఎస్టీ) పడుతుంది. సరుకు ఏ కోడ్ కింద వస్తుందన్న దాన్ని బట్టి తేడా లక్షల్లో ఉండవచ్చు కాబట్టి, ఆర్డరుకు ముందే కస్టమ్స్ ఏజెంటు దగ్గర రాతపూర్వకంగా అంచనా తీసుకోండి. డబ్బును బ్యాంకు ద్వారానే పంపండి, సరుకు వచ్చాక బిల్ ఆఫ్ ఎంట్రీని (కస్టమ్స్ దిగుమతి పత్రాన్ని) బ్యాంకుకు ఇవ్వడం మరవకండి.

అడ్వాన్సు కట్టే ముందు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అమెరికాలోని ఓరెగాన్‌లో 1973 నుంచి కిట్లు చేస్తున్న వ్యాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్, ఈ రంగంలో అందరికంటే పేరున్న కంపెనీ, 2023 డిసెంబరులో దివాలా చట్టం కింద రక్షణ కోరింది. డబ్బు కట్టి వేచి ఉన్నవారు సగటున మూడో వంతు వరకు పెరిగిన ధరలకు ఒప్పుకోవాలో, కట్టిన డబ్బు కోసం కంపెనీ నుంచి బాకీ రావలసినవారి వరుసలో నిలబడాలో తేల్చుకోవలసి వచ్చింది. మరుసటి ఏడాది కంపెనీ ఆ గండం గట్టెక్కింది. అయినా ఏ కంపెనీకైనా ఒక దశకు మించి ముందుగా డబ్బు పంపవద్దు. లోను చేతిలో ఉంటే ‘ధర పెరగకముందే అన్నీ ఆర్డరు చేసేద్దాం’ అనిపిస్తుంది. టాప్-అప్ వద్దనడానికి అదీ ఒక కారణం.

రెక్కలు కట్టాక ఆ పని రెక్కలతో ఆగదు. ఇంజిన్, ప్రొపెల్లర్, పరికరాల ఖర్చు కలిపితే లోహపు భాగాలన్నిటి ధరను మించిపోవచ్చు. ఎగరడానికి అనుమతి వేరే అధ్యాయం. ముంబైలో మేడ మీద ఆరు సీట్ల విమానం కట్టిన పైలట్ అమోల్ యాదవ్ దాన్ని 2016లో మేకిన్ ఇండియా ప్రదర్శనలో పెట్టి అందరి కళ్లలో పడ్డారు. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నుంచి రిజిస్ట్రేషన్ వచ్చింది 2017లో. అంత పేరు వచ్చినవారికే అంత కాలం పట్టింది. తోక కిట్ ఆర్డరు చేయకముందే మీ ప్రణాళికను డీజీసీఏకు రాసి, ఏ దశలో ఎవరు తనిఖీ చేస్తారో, ఏ రికార్డులు అడుగుతారో జవాబు తెప్పించుకోండి. అనుమతి రాని రెక్కలకు బజారులో అల్యూమినియం తూకం ధరే పలుకుతుంది. అందువల్ల ఈ డబ్బును పెట్టుబడి అని మీ ఆస్తుల పట్టికలో రాయకండి. తీర్థయాత్రకు పెట్టినట్టు ఖర్చు కింద రాసుకోండి. ఖర్చు పెట్టడం తప్పని నేను అనడం లేదు. మీ ఆదాయానికి నెలకు 25,000 ఇష్టమైన పనికి పెట్టడం న్యాయమే.

బీమా విషయం క్లుప్తంగా చెబుతాను. వ్యక్తిగత ప్రమాద బీమాలు సాధారణంగా టిక్కెట్టు కొన్న ప్రయాణికుడిగా తప్ప విమానయానానికి వర్తించవు. టర్మ్ పాలసీ కొత్తగా తీసుకుంటే ప్రతిపాదన పత్రంలో ఈ అభిరుచిని దాచకండి. ఇంటి బీమా నివాసానికి ఇచ్చినది. షెడ్డులో కంప్రెసర్, ప్రైమర్, సాల్వెంట్లు ఉంటాయని కంపెనీకి రాసి జవాబును భద్రపరచుకోండి, గోడకు ఒక మంచి అగ్నిమాపక సిలిండరు తగిలించండి.

మీ మిగులు 59,000ను ఇలా పంచమంటాను. 25,000 రెక్కల ఖాతాకు. 20,000 అమ్మాయి చదువుకు. కాలం నాలుగేళ్లే కనుక ఇది ఈక్విటీలో కాక డిపాజిట్లలో ఉండాలి. మ్యూచువల్ ఫండ్ల 22 లక్షలు కూడా ప్రధానంగా ఆమె కోసమే కనుక రెక్కలకు ముట్టుకోకండి. ఈక్విటీ ఫండ్లు అమ్మితే ఏడాదికి 1.25 లక్షలు దాటిన దీర్ఘకాలిక లాభం మీద 12.5 శాతం పన్ను కూడా ఉంది. మిగిలిన 14,000 అత్యవసర నిధికి. ఎఫ్‌డీలో 9 లక్షలు ఉన్నాయని మీరు ధీమాగా ఉన్నారు, కానీ అడ్వాన్సు పోగా మీవి 6.80 లక్షలే. ఆరు నెలల ఖర్చు, వాయిదా కలిపి 8.58 లక్షలు కావాలి. తరుగుపడిన 1.78 లక్షలు పదమూడు నెలల్లో పూడుతుంది. ఆ తరువాత ఆ 14,000ను కూడా రెక్కల ఖాతాకు మళ్లించుకోవచ్చు.

చివరగా, టేపు తీసుకుని మీ గేటు వెడల్పు కొలవండి. రెక్కలు పక్కకు తిప్పి తెచ్చుకోవచ్చు గానీ, బాడీ కట్టే దశలో షెడ్డు చాలక ఏడాదో రెండేళ్లో దేవనహళ్లి వైపు జాగా అద్దెకు తీసుకోవలసి రావచ్చు. ఆ అద్దె ఇప్పుడే లెక్కలో రాసుకోండి. కింది ఇంటివారికి ఖాళీ చేయమని ఇంకా చెప్పి ఉండకపోతే చెప్పకండి. చెప్పి ఉంటే, వారు వేరే ఇంటికి అడ్వాన్సు కట్టకముందే ఈ వారంలో వెళ్లి మాట వెనక్కి తీసుకోండి.