22 మందితో క్రూయిజ్ షిప్ ఎక్కొచ్చా? మేం బరంపురం నుంచి 17 మందిమి వెళ్ళొచ్చాం

మీరు పర్లాకిమిడి నుంచి అడిగారు. అమ్మమ్మగారికి 80 నిండుతున్నాయి, మొత్తం 22 మంది, అందులో 75 దాటినవాళ్ళు ముగ్గురు, పదేళ్ళలోపు పిల్లలు ఆరుగురు. సింగపూర్ నుంచి బయలుదేరే పెద్ద షిప్ అయితే అందరికీ కుదురుతుందా, లేక ఇంతమందితో తలనొప్పేనా అన్నారు.

కుదురుతుంది. తలనొప్పి కూడా ఉంటుంది, కాకపోతే ఎక్కువ భాగం షిప్ ఎక్కకముందే.

మా నాన్నగారి భీమరథ శాంతి (డెబ్భయ్యో ఏట చేసే శాంతి) బరంపురంలో చేసుకుని, తర్వాత 2024 నవంబరులో బయలుదేరాం. అమ్మానాన్నలు, మా నలుగురం, తమ్ముడి నలుగురు, అప్ప (అక్క), బావ, వాళ్ళ గుంట, చిన్నాన్న, పిన్ని, మేనత్త, మావయ్య. సింగపూర్ నుంచి పెనాంగ్, ఫుకెట్ చూపించి మళ్ళీ సింగపూర్‌లో దించే నాలుగు రాత్రుల ట్రిప్పు.

ముందు పాస్‌పోర్టుల సంగతి. మన ఆంధ్రా-ఒడిశా సరిహద్దు జిల్లాల వాళ్ళకి ఇది ప్రత్యేకమైన బాధ, ఏ టూర్ ఏజెంటూ ముందు చెప్పడు. మా అమ్మ పేరు 'వి'తో మొదలవుతుంది. ఒడియాలో రాసేసరికి అది 'బి' అయింది, ఆధార్‌లో ఇంగ్లీషులోనూ 'బి'గానే పడింది. పాత స్కూలు సర్టిఫికెట్‌లో 'వి' ఉంది. నాన్నకి ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తిగా. ఇచ్ఛాపురం అత్తయ్యకి అసలు ఇంటిపేరే లేదు, పాస్‌పోర్టులో ఆ గడి ఖాళీ. ఒక్కొక్కరివి సరిచేయించేసరికి నాలుగు నెలలు పట్టింది. మీరు 22 మంది ఆధార్లు, పాన్‌లు, ఉన్న పాస్‌పోర్టులు ఈ ఆదివారమే ఒక బల్ల మీద పరిచి పేర్లు పోల్చి చూడండి. పాస్‌పోర్టుకి ప్రయాణం తేదీ నుంచి కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి, అదీ చూడండి. సింగపూర్‌కి మనకి వీసా కావాలి. షిప్ బయటికెళ్ళి మళ్ళీ సింగపూర్‌కే వస్తుంది కాబట్టి అది ఒక్కసారి ప్రవేశానికి పరిమితమైనది కాకూడదు. మేం వెళ్ళినప్పుడు మలేసియా, థాయ్‌లాండ్ రెండూ మనవాళ్ళని వీసా లేకుండా రానిచ్చాయి. ఇలాంటివి మారుతుంటాయి, బుక్ చేసే వారం మళ్ళీ చూసుకోండి. ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్ళుంటే, 24 వారాలు దాటితే చాలా షిప్పులు ఎక్కనివ్వవు. ఆరు నెలలు నిండని పసిపిల్లలనీ అంతే.

తర్వాత డబ్బు. ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని చెబుతాను. లెక్క ఒకచోట ఉంటుంది కదా అని 17 మంది డబ్బూ నా ఖాతా నుంచే, నా పాన్ మీదే కట్టాను. విదేశీ టూర్ ప్యాకేజీ మీద టీసీఎస్, అంటే డబ్బు కట్టేటప్పుడే వసూలు చేసే పన్ను, పడుతుంది. అప్పట్లో ఒక పాన్ మీద ఏడాదికి 7 లక్షల దాకా 5 శాతం, ఆపైన 20 శాతం. నాలుగు ఇళ్ళ డబ్బు ఒక్క పాన్ మీద చేరితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. రిటర్న్‌లో తిరిగొస్తుంది, నిజమే, కానీ అది నాకొస్తుంది, ఆ తర్వాత ఎవరి వాటా ఎంతో అన్నదమ్ములు కూర్చుని తేల్చుకోవాలి. ఆ లెక్క మా ఇంట్లో సంక్రాంతి దాకా నడిచింది. తర్వాత ఆ పరిమితులు, రేట్లు మార్చారు. ఎలా ఉన్నా ఏ ఇంటివాళ్ళు ఆ ఇంటి పాన్ మీదే కట్టుకోండి. టికెట్ ధరలో కలవని ఖర్చులూ ఉంటాయి. పోర్టు పన్నులు, తలకి రోజుకి ఇంత అని టిప్పులు. 17 మంది, నాలుగు రాత్రులు అంటే 68 టిప్పులు. మీది 88.

క్యాబిన్ల దగ్గర ఇంకో దెబ్బ తిన్నాం. ఏజెంటు 'గ్యారంటీ క్యాబిన్లు' తక్కువకి వస్తున్నాయన్నాడు. గ్యారంటీ అంటే ఇంకేం, మంచిదే కదా అనుకున్నాం. ఆ మాటకి అర్థం క్యాబిన్ తప్పకుండా ఇస్తామని మాత్రమే, ఎక్కడ ఇస్తారో వాళ్ళ ఇష్టం. ఆరు క్యాబిన్లు ఆరు, తొమ్మిది, పన్నెండో డెక్కుల్లో (అంతస్తుల్లో) పడ్డాయి. అమ్మానాన్నలు ఆరులో ఈ చివర, మేం పన్నెండులో ఆ చివర. పెద్ద షిప్ అంటే ఎంత పొడవో అప్పుడు మోకాళ్ళకి తెలిసింది. మీరు క్యాబిన్ నంబర్లు చూసి, ఎంచుకుని, డబ్బు కాస్త ఎక్కువైనా అలాగే తీసుకోండి. పెద్దవాళ్ళకి షిప్ మధ్యలో, కింది డెక్కుల్లో, లిఫ్టుకి దగ్గరగా. ఊపు తక్కువ తెలిసేది కూడా అక్కడే. బాల్కనీ అందరికీ అక్కర్లేదు. అమ్మమ్మగారికి ఒకటి తీసుకోండి, అందరూ అక్కడికే చేరతారు. పిల్లల తల్లిదండ్రులకి కిటికీ లేని లోపలి క్యాబిన్ చాలు, నిద్రపోవడానికి తప్ప వాళ్ళు అందులో ఉండరు. చాలా కంపెనీల్లో ఎనిమిది క్యాబిన్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ తీసుకుంటే గ్రూప్ బుకింగ్ కింద లెక్క, ఏదో ఒక తగ్గింపు ఇస్తారు. మావి ఆరే కాబట్టి మాకు అందలేదు. మీకు ఎనిమిదో తొమ్మిదో పడతాయి, అడగండి.

మీకు పర్లాకిమిడి నుంచి విశాఖే దగ్గర. పాతపట్నం మీదుగా రోడ్డున వెళ్ళినా, నౌపడలో రైలెక్కినా సరే. మాకు భువనేశ్వర్ 170 కిలోమీటర్లే, అయినా విశాఖ వెళ్ళి ఎక్కాం. ఇచ్ఛాపురం, పలాస వాళ్ళు దారిలో అదే రైల్లో కలిశారు, పైగా అక్కణ్ణించి సింగపూర్‌కి నేరుగా విమానం ఉంది. షిప్ బయలుదేరే రోజున మాత్రం దిగకండి. ఒక రోజు ముందే చేరి పడుకోండి. విమానం ఆలస్యమైతే షిప్ ఆగదు.

సామాన్ల విషయంలో పిన్ని ఎవరి మాటా వినలేదు. చిన్న కరెంటు కుక్కర్, బియ్యం, కందిపప్పు పెట్టుకుంది. మెరీనా బే క్రూయిజ్ సెంటర్‌లో స్కానింగులో కుక్కర్ బయటపడింది. వేడెక్కే వస్తువేదీ క్యాబిన్లలో పెట్టనివ్వరు, ఇస్త్రీపెట్టె, కెటిల్ కూడా. రసీదు రాసిచ్చి ఉంచుకున్నారు, దిగే రోజు ఇచ్చారు. ఇంకో రెండు జాగ్రత్తలు సింగపూర్‌కి సంబంధించినవి. గసగసాలు ఆ దేశంలోకి తీసుకెళ్ళకూడదు. మన వంటింట్లో అవి లేని పొడి ఉండదు కాబట్టి మసాలా పొట్లాలు వెతికి తీసేయండి. జర్దా, గుట్కా, గుండీ లాంటి నమిలే పొగాకు కూడా నిషేధం. మావయ్య సంచీ విశాఖలోనే మేనత్త చేత సోదా చేయించాం, మూడు పొట్లాలు దొరికాయి. ముందు రోజే దొరికాయి కాబట్టి నవ్వుకున్నాం. పచ్చళ్ళు ఇంటి సీసాల్లో వద్దు, కంపెనీ సీలున్న ప్యాకెట్లు తీసుకెళ్ళండి. బరంపురం పచ్చళ్ళకి, అప్పడాలకి లోటేముంది. మందులు మాత్రం చేతి సంచీలోనే, చీటీతో సహా. పెద్ద పెట్టెలు టెర్మినల్‌లో తీసుకుని సాయంత్రానికి గానీ క్యాబిన్‌కి చేర్చరు. ఇన్సులిన్ వాడేవాళ్ళకి ఇది ముఖ్యం.

భోజనం గురించి భయపడకండి. బుక్ చేసేటప్పుడే శాకాహారం అని రాయిస్తే అన్నం, పప్పు, పెరుగు దొరికాయి. అయితే మా ప్రయాణం కార్తీకంలో, సరిగ్గా పంచుక రోజుల్లో పడింది. పున్నమి దాకా ఆ చివరి ఐదు రోజులు బరంపురంలో చేప ముట్టని ఇళ్ళు మీకు తెలిసినవే. మా ఇల్లూ అంతే. ఇచ్ఛాపురం వాళ్ళకి సోమవారాలే గానీ పంచుక లేదు. ఒకే బల్ల మీద మావయ్య రొయ్యలు ఒలుచుకుంటుంటే బావ ఎదురుగా కూర్చుని పుచ్చకాయ ముక్కలు తిన్నాడు, నాలుగు రోజులూ. తేదీలు పెట్టేది మీరే కాబట్టి పంచాంగం కూడా చూడండి.

అసలు సంగతికొస్తాను. మొదటి రోజంతా నేను కాపరిలా తిరిగాను. ఎవరెక్కడున్నారో తెలియాలి, అందరూ కలిసే తినాలి, కలిసే చూడాలి, ఇంత డబ్బు పెట్టి వచ్చింది కలిసి ఉండడానికే కదా అని నా పట్టు. వైఫై కొనకపోతే వాట్సాప్ రాదు, అందుకని కాళ్ళతోనే వెతకాలి. రాత్రి తొమ్మిదికి చిన్నాన్న కనపడలేదు. నాలుగు డెక్కులు ఎక్కి దిగి చూస్తే ఎవరో గుజరాతీ పెద్దాయనతో పేకాటలో ఉన్నాడు. 'నన్నెందుకురా వెతుకుతున్నావు, ఇది ఓడ, ఎక్కడికి పోతాను' అన్నాడు. మాట నిజమే. నాకు అంతసేపూ తట్టలేదు.

ఆ రాత్రే పద్ధతి మార్చాం. రోజుకి ఒక్కసారే, రాత్రి భోజనానికి ఏడింటికి అందరూ రావాలి. మిగతా సమయం ఎవరిష్టం వారిది. భోజనాల హాల్లో 17 మందికీ ఒకే బల్ల ఉండదు, పక్కపక్కన రెండు బల్లలు ఇచ్చారు. దానికి కూడా అన్ని బుకింగులూ కలిపి నమోదు చేయించి ఉండాలి, లేకపోతే వేర్వేరు వేళలు పడతాయి. అమ్మానాన్నల క్యాబిన్ తలుపు మీద ఒక కాగితం అంటించాం, ఎటు వెళ్ళేవాళ్ళు అటు రాసి వెళ్ళడమే. రెండో రోజు నుంచి ఆ కాగితమే మా వాట్సాప్. సాయంత్రానికి అది నిండిపోయేది. పిల్లల రాతలు, బావ బొమ్మలు, నాన్న అందులో తప్పులు దిద్దడం.

ఒక్కచోట మాత్రం ఎవరిష్టం వారిది పనికిరాదు. షిప్ కదలకముందే ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో డ్రిల్ చేయిస్తారు. 2012లో ఇటలీ తీరంలో కోస్తా కాంకోర్డియా మునిగి 32 మంది పోయాక, ఈ డ్రిల్ బయలుదేరేముందు గానీ బయలుదేరగానే గానీ జరగాలని అంతర్జాతీయ నియమం చేశారు. మీ కార్డు మీద చేరాల్సిన చోటు గుర్తు ఉంటుంది. మేం మూడు డెక్కుల్లో ఉన్నాం కాబట్టి మా చోట్లూ వేరయ్యాయి. సైరన్ మోగితే ఎవరి చోటికి వారు వెళ్ళాలి, నాన్న కోసం నేను, పిల్లల కోసం అమ్మ ఎదురు పరిగెత్తకూడదు. ఈ మాట పెద్దవాళ్ళకి ఇంట్లోనే రెండుసార్లు చెప్పండి. అమ్మ చేత ఒప్పించడానికి నాకు చాలా సేపు పట్టింది.

పెనాంగ్‌లో షిప్ జార్జ్‌టౌన్ ఊరి పక్కనే ఆగుతుంది. లిటిల్ ఇండియా నడిచి వెళ్ళే దూరం, అమ్మకి పూలు దొరికాయి. సాయంత్రం ఐదింటికల్లా తిరిగి ఎక్కాలన్నారు. బావ వాచీ ఇంకా బరంపురం టైములోనే ఉంది, అక్కడి ఐదు మనకి రెండున్నర. తీరిగ్గా కాఫీ తాగుతున్నవాణ్ణి తమ్ముడు పట్టుకొచ్చాడు. అందరి వాచీలూ షిప్ టైముకి మీరే తిప్పండి. మావయ్య ఫోను ఇంకో రకం. సముద్రం మీద షిప్ నెట్‌వర్క్ దానంతటదే పట్టుకుంది, ఊరికొచ్చాక బిల్లు చూసి రెండు రోజులు మాట్లాడలేదు. ఎక్కగానే అందరి ఫోన్లూ ఫ్లైట్ మోడ్‌లో పెట్టించండి.

ఫుకెట్‌లో షిప్ ఒడ్డుకి రాలేదు, దూరాన లంగరేసి చిన్న పడవల్లో దింపారు. ఊగే పడవలోకి అడుగేయడం 75 దాటినవాళ్ళకి మంచిది కాదు, వీల్‌చైర్ అయితే మరీ. మా పెద్దలు ఆరుగురూ దిగలేదు. వాళ్ళనడిగితే అదే అన్నిటికంటే మంచి రోజంటారు. షిప్ సగం ఖాళీ, లిఫ్టుకి వరస లేదు, పిల్లల గోల లేదు. మీ బుకింగ్‌లో ఏ ఊళ్ళో గట్టుకి ఆనుతుందో, ఏ ఊళ్ళో పడవలో దిగాలో ముందే కనుక్కోండి.

వాంతుల టెన్షన్ గురించి కూడా అడిగారు. మలక్కా జలసంధి రెండు వైపులా నేలే, అందుకని సాధారణంగా పెద్ద అలలుండవు. మాలో అప్ప ఒక్కతే ఒక పూట పడుకుంది. మాత్రలు మాత్రం పెద్దవాళ్ళకి వాళ్ళ డాక్టర్నడిగే ఇవ్వండి. షిప్‌లో డాక్టరుంటాడు గానీ బిల్లు గట్టిగా ఉంటుంది, 22 మందికీ ట్రావెల్ ఇన్సూరెన్స్ తీయండి.

దీపాల సంగతి ఒకటి. అమ్మమ్మగారి వేడుక అన్నారు కాబట్టి చెబుతున్నాను. షిప్‌లో అగరొత్తి కూడా వెలిగించనివ్వరు. పూజ, హోమం ఏదున్నా ఇంట్లోనే ముగించుకుని రండి. మాకు కార్తీక పౌర్ణమి రాత్రి సముద్రం మీదే వచ్చింది. బరంపురంలో ఉంటే తెల్లారకముందే అరటి డొప్పలతో చెరువుకి వెళ్ళేవాళ్ళం, పక్కింటి ఒడియా వాళ్ళు బోయిత బందాణకి (వాళ్ళ పడవల పండుగకి), మేం దీపాలకి. అమ్మ సంచీలో డొప్పలు, ఒత్తులు దాచి తెచ్చింది. వెలిగించకూడదు, సముద్రంలో ఏదీ వేయకూడదు అని చెప్పాం. కాసేపు అలిగింది. మా చిన్నది తన ఫోను టార్చి వెలిగించి డొప్పలో పెట్టి బాల్కనీ బల్ల మీద ఉంచింది. నాన్న పడమటి వైపు చూపించి అదిగో అటు సుమత్రా అన్నాడు. జావా, సుమత్రా వెళ్ళిన సాధవుల (పాతకాలపు ఒడియా ఓడ వర్తకుల) పడవల కథ పిల్లలకి బడిలో చెప్పిందే. తర్వాత నాన్న తన తాత గోపాల్‌పూర్‌లో స్టీమరెక్కి రంగం (రంగూన్) వెళ్ళిన కథ మొదలుపెట్టాడు. అది మేం ఎన్నోసార్లు విన్నదే, అయినా ఎవరూ లేవలేదు. రెండు కుర్చీలున్న బాల్కనీలో పదకొండు మందిమి ఉన్నాం.