పంచమ చక్రాన్ని బట్టీ పట్టకు

అమ్మలూ,

పన్నెండు స్కేళ్లను పంచమాల వరసలో గుండ్రంగా పేర్చిన పంచమ చక్రం, అదే సర్కిల్ ఆఫ్ ఫిఫ్త్స్‌లో పన్నెండు పేర్లూ గడగడా అప్పజెబుతున్నావు గానీ అది ఎందుకో మాత్రం అంతుపట్టడం లేదని రాశావు. అప్పజెబితే అంతుపట్టేది కాదది. ఆ బొమ్మ పక్కన పెట్టి కీబోర్డు ముందు కూర్చో.

సీ నుంచి తెల్ల మెట్లన్నీ వరసగా వాయించు. అది సీ మేజర్, మన శంకరాభరణం. ఇప్పుడు దాని పంచమం జీని షడ్జం చేసుకుని మళ్లీ తెల్ల మెట్ల మీదే వెళ్లు. నిషాదం దగ్గర చెవికి తేడా కొడుతుంది, హరికాంభోజి అయిపోయింది కదా! ఎఫ్‌ బదులు ఎఫ్ షార్ప్, అంటే దాని కుడిపక్క నల్ల మెట్టు వాయించు, శంకరాభరణం తిరిగొస్తుంది. చక్రమంతా జరిగేది ఇదే. పంచమం షడ్జమవుతుంది, ఒక్క స్వరం మారుతుంది. డీకి వెళ్తే సీ షార్ప్ చేరుతుంది, ఏకి వెళ్తే జీ షార్ప్.

కొత్తగా చేరే షార్ప్ ఎప్పుడూ కొత్త స్కేలు నిషాదమే. అందుకే నొటేషన్ మొదట్లో నాలుగు షార్ప్‌లు కనిపిస్తే చివరిదాన్ని చూడు: డీ షార్ప్. దాని పక్క మెట్టు ఈ, కాబట్టి ఈ మేజర్. కాకపోతే దాని జోడీ సీ షార్ప్ మైనర్. మేజర్ ధైవతాన్ని షడ్జం చేస్తే ఆ మైనర్ వస్తుంది. లోపలి వలయంలో రాసేవి ఆ పేర్లే. ఎడమవైపు వెళ్లేటప్పుడు మధ్యమం షడ్జమవుతుంది, ఫ్లాట్, అంటే అరస్వరం తగ్గించిన మెట్టు, చేరుతుంది. అంతే తేడా.

ఇక పన్నెండు పంచమాలు ఎక్కాక చక్రం నిజంగా మొదలెట్టిన స్వరం దగ్గరే మూసుకుంటుందా? 3:2 నిష్పత్తిలో శుద్ధమైన పంచమాలు పన్నెండు పేర్చితే స్వరం పౌనఃపున్యం 129.75 రెట్లు వస్తుంది, ఏడు స్థాయిలకు (ఆక్టేవ్‌లకు) 128 రెట్లే. మిగిలిపోయిన ఆ కాస్తా, అరస్వరంలో దాదాపు పావు వంతు, పన్నెండు పంచమాలకూ సమంగా పంచి తగ్గించారు. నీ కీబోర్డు పంచమం శుద్ధ పంచమం కన్నా వెంట్రుకవాసి తక్కువ పలికేది అందుకే. నాకైతే ఈ లెక్క ఎన్నిసార్లు చూసినా ముచ్చటే.

నీకు పాటలు కట్టే సరదా ఉంది కాబట్టి ఇంకొకటి. చక్రంలో సీ, దానికి అటూ ఇటూ ఉన్న ఎఫ్, జీ, వాటి కింద ఉన్న మూడు మైనర్లు కలిపితే, కొన్ని స్వరాలు ఒకేసారి మోగించే ఆరు కార్డ్‌లు. సీ మేజర్ పాటకు చాలావరకు ఇవి చాలు. డీ మైనర్, జీ, సీ వరసగా వాయించి చూడు, పాట ఇంటికొచ్చినట్టు ఎలా దిగుతుందో వినిపిస్తుంది.

ఈ వారం సీ, జీ, డీ, ఎఫ్ చాలు. అడుగున ఎఫ్ షార్ప్, జీ ఫ్లాట్ అని ఒకే మెట్టుకు రెండు పేర్లుంటాయే, వాటి జోలికి ఇప్పుడే పోకు.

మీ పెదనాన్న