రాత్రి రేసుకు వెళ్తున్న మేనల్లుడికి

చి. కిరణ్‌కి,

మావయ్య ఆశీస్సులు. బహ్రెయిన్‌లోని సాఖీర్ రేస్ ట్రాక్‌కి వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఎడారి కదా అని అన్నీ పల్చటి చొక్కాలే సర్దిందట. ఒక స్వెట్టర్ కూడా పెట్టుకో. అక్కడ పొద్దుగుంకితే గాలి మారిపోతుంది. మీ కారు రేసు చేయాల్సింది ఆ గాలిలోనే.

నీ పనికీ అదే ముఖ్యం. 2014 నుంచి అక్కడి ఫార్ములా వన్ రేసు, బహ్రెయిన్ గ్రాండ్ ప్రి, దీపాల వెలుగులో జరుగుతోంది. రేసు ముందు జరిగే మూడు ప్రాక్టీసుల్లో మొదటిది, మూడోది మాత్రం ఎండలోనే. మధ్యాహ్నం తారు కాలిపోతుంటే కారు వెనక భాగం జారుతుంది. కంగారుపడి సెట్టింగులన్నీ మార్చేశారో, రాత్రికి వేరే కారు చేతికొస్తుంది. శుక్రవారం రాత్రి రెండో ప్రాక్టీసు అంకెలు విడిగా రాసుకో, శనివారం మధ్యాహ్నం ఎవరెంత హడావిడి చేసినా వాటినే నమ్ము. ఆ తారు కూడా ఇసుర్రాయంత గరుకు, వెనక టైర్లను తినేస్తుంది. గాలి లేస్తే ఇసుక వచ్చి పడుతుంది. డ్రైవర్ ఉన్నట్టుండి "పట్టు లేదు" అంటే కారును తిట్టుకునే ముందు గాలి ఎటు వీస్తోందో చూడు.

నేను చేసిన తప్పొకటి మీ అమ్మకి కూడా చెప్పలేదు. చిన్న కార్ల సిరీస్‌లో టైర్ల పని చేసే రోజులు. సాయంత్రం రేసు. టైర్లను వేడిచేసే దుప్పట్లు మాకు లేవు. టైర్లన్నీ టెంటు బయట ఎండలో ఉండగానే నాలుగింటికి గాలి కొట్టి, ప్రెషర్ చూసి, సరిపోయిందనుకున్నాను. చీకటి పడ్డాక టైర్లు చల్లారాయి, ప్రెషర్ పడిపోయింది. కారు బయల్దేరే ముందు నాకు గుర్తొచ్చింది కూడా. కానీ అప్పటికే చీఫ్ మెకానిక్ గేర్‌బాక్స్ విషయంలో ఎవరినో కేకలేస్తున్నాడు. భయమేసి నోరు మూసుకున్నాను. మావాడు బురదలో నడిపినట్టు మూడు ల్యాపులు నడిపి ట్రాక్ పక్కన కంకరలోకి పోయాడు. చెప్పి ఉంటే రెండు నిమిషాల పని. ఇప్పటికీ సాయంత్రం స్కూటర్‌కి గాలి కొట్టిస్తుంటే ఆ కంకర గుర్తొస్తుంది.

పెద్ద టీముల్లో అలా జరగదనుకోకు. 2020 సాఖీర్ రేసులో మెర్సిడెస్ కార్లు రెండూ ముందున్నాయి. కార్లన్నిటినీ నెమ్మదిగా నడిపించే సేఫ్టీ కారు రాగానే, టైర్లు మార్చడానికి రెండింటినీ పిట్‌కి పిలిచారు. రేడియోలో ఒక మాట అందాల్సిన వాళ్లకి అందలేదు. ఒక డ్రైవర్ బొటాస్ టైర్లు రెండో డ్రైవర్ రసెల్ కారుకి ఎక్కాయి. చివరికి ఎనిమిదో స్థానం, తొమ్మిదో స్థానం. అందుకే విన్నది తిరిగి చెప్పు. అవతలివాడు "ఊఁ" అనేదాకా విన్నాడనుకోవద్దు. టైరు మీద గుర్తు నీ కళ్లతో చూడు.

ఇంత చేసినా ఆదివారం పాడవచ్చు. 2023లో మెక్‌లారెన్ అక్కడ ఎంత అవస్థపడిందో నీకు తెలుసు. వాళ్ల డ్రైవర్ పియాస్ట్రికి అదే మొదటి ఫార్ములా వన్ రేసు. కరెంటు లోపం, స్టీరింగ్ మార్చారు, అయినా 13 ల్యాపులకే అయిపోయింది. ఇంకో డ్రైవర్ నోరిస్ కారు ఇంజన్లో గాలి పీడనం లీకవుతుంటే మాటిమాటికీ పిట్‌కి పిలిచి నింపి పంపారు. ఆరుసార్లు! వచ్చింది 17వ స్థానం. నేనైతే మూడోసారికే కారు లోపల పెట్టేయమనేవాణ్ణేమో. వాళ్లు పెట్టలేదు. అదే టీం ఆ ఏడాది నాలుగో స్థానంలో నిలిచి, 2024లో టీములకిచ్చే కన్‌స్ట్రక్టర్స్ టైటిల్ కొట్టింది. ఆ ఒక్క రాత్రి వల్లే అని నేను అనను. కానీ కారు తిరుగుతున్నంతసేపు టైర్లు ఎలా అరుగుతున్నాయో రాసుకునే పని నీకు ఉంటుంది. మొహం వేలాడేసుకుని గ్యారేజీ మూల కూర్చోకు.

మంచినీళ్లు తాగుతూ ఉండు, దాహం వేయకపోయినా. రేసు అయ్యాక సామాన్లు విప్పి సర్దేసరికి అర్ధరాత్రి దాటుతుంది, మనకి ఇక్కడ ఇంకో రెండున్నర గంటలు ముందు. అయినా అమ్మకి ఫోన్ చెయ్యి, మేలుకునే ఉంటుంది. కారు ఎన్నోదిగా వచ్చిందని అడగదు, ఏం తిన్నావని అడుగుతుంది.

మీ మావయ్య